మలం పరీక్ష చూసి ‘కఫచెమ్మ’ తత్వాన్ని చెప్పవచ్చా?

ముందుగా మీ ప్రశ్నను నా మాటల్లో ఒకసారి చెబుతాను. మీరు ఆరేళ్లుగా చైనాలోని షెంజెన్‌లో ఉద్యోగం చేస్తున్నారు. వయసు 34. అక్కడ చేరాక 11 కిలోల బరువు పెరిగారు. ఏడాదిగా బీపీకి చిన్న మోతాదు మాత్ర వాడుతున్నారు. భోజనం చేయగానే మగత, గొంతులో కఫం, పొద్దున లేవగానే నోట్లో జిగట. అక్కడి సంప్రదాయ చైనా వైద్యశాలకు వెళ్తే వైద్యురాలు నాలుక చూసి, నాడి పట్టి, ఒక ప్రశ్నపత్రం నింపించి మీది ‘తాన్‌షి’, అంటే కఫచెమ్మ దేహతత్వం అన్నారు. వేడినీళ్లలో కలుపుకుని తాగే పొడి ఇచ్చారు. ఆ తర్వాత ఒక ప్రైవేటు సంస్థ మీ మలం నమూనా తీసుకుని, ‘మీ పేగు బ్యాక్టీరియా కూడా తాన్‌షి రకమే’ అని రంగురంగుల నివేదిక పంపింది. ఆరు నెలల ప్రోబయోటిక్ (మేలు చేస్తాయనే బ్యాక్టీరియా ఉన్న మందు) కోర్సు కొనమంటోంది. విజయవాడలో ఉన్న మీ నాన్నగారేమో ‘అది మన కఫ ప్రకృతే, కొత్తగా ఏముంది’ అంటున్నారు. వీరిలో ఎవరి మాట నమ్మాలి అన్నది మీ సందేహం.

నా జవాబు ముందే చెప్పేస్తాను. వైద్యురాలి మాటను పట్టించుకోండి. సంస్థ అమ్ముతున్న కోర్సు కొనవద్దు. నాన్నగారి పోలికలో కొంత నిజం ఉంది కానీ ఒక ముఖ్యమైన చోట అది తప్పుతుంది. ఇలా ఎందుకు అంటున్నానో చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

నేను వైద్యుడిని కాను. పేగు బ్యాక్టీరియా డీఎన్‌ఏ సమాచారాన్ని విశ్లేషించే పనిలో ఇరవై ఏళ్లుగా ఉన్నాను. అందులో నాలుగేళ్లు షాంఘైలో గడిచాయి. దేహతత్వాలకూ బ్యాక్టీరియాకూ సంబంధం వెతికే పరిశోధనల లెక్కలు దగ్గర నుంచి చూశాను. ఆ ప్రశ్న మీద నాకు గౌరవం ఉంది. అందుకే దాన్ని అడ్డం పెట్టుకుని జరుగుతున్న వ్యాపారం చూస్తే బాధ కలుగుతుంది.

చైనా వైద్యంలో మనుషులను తత్వాలుగా విభజించడం చాలా పాతది. సుమారు రెండు వేల ఏళ్ల నాటి ‘హువాంగ్‌ది నెయ్‌జింగ్’ అనే వైద్య గ్రంథంలోనే కట్టె, నిప్పు, మట్టి, లోహం, నీరు అనే ఐదింటి లెక్కన 25 రకాల మనుషుల వర్ణన ఉంది. కానీ మీరు నింపిన ప్రశ్నపత్రం అంత పాతది కాదు. బీజింగ్‌లోని చైనా వైద్య విశ్వవిద్యాలయ ఆచార్యుడు వాంగ్ చీ 1970ల చివరి నుంచి ఈ విషయం మీద పనిచేసి, మనుషులను తొమ్మిది తత్వాలుగా విభజించారు. ఒకటి సమతుల్య తత్వం. మిగిలిన ఎనిమిదీ ఏదో ఒక పక్కకు ఒరిగినవి: ప్రాణశక్తి తక్కువైనది, చలి ఎక్కువైనది, లోపల రసం ఎండినది, కఫమూ చెమ్మా నిలిచినది, చెమ్మతో పాటు వేడి చేసినది, రక్తం మందగించినది, మనసు బిగిసి ప్రాణశక్తి కదలనిది, పుట్టుకతోనే అలర్జీల వంటివి ఉన్నది. 2009లో చైనా వైద్య సంఘం దీన్నే ప్రమాణంగా ప్రకటించింది. తొమ్మిది రాష్ట్రాల్లో 21,948 మందిని పరిశీలించిన సర్వేలో సమతుల్య తత్వం వారు దాదాపు మూడో వంతు మాత్రమే అని తేలింది. అంటే ఆ లెక్కన ప్రతి ముగ్గురిలో ఇద్దరు ఏదో ఒక పక్కకు ఒరిగినవారే. మీకు ఒక తత్వం పేరు తగిలించినందుకు కంగారు పడనక్కర్లేదు.

‘తాన్’ అంటే కఫం, ‘షి’ అంటే చెమ్మ. చైనా వైద్యుల మాటల్లో ప్లీహం అంటే ఎడమ పక్కటెముకల కింద ఉండే అవయవం ఒక్కటే కాదు. తిన్నదాన్ని సారంగా మార్చి ఒంట్లోకి మోసుకుపోయే పని మొత్తానికి అది పేరు. ఆ పని మందగిస్తే చెమ్మ నిలుస్తుంది, నిలిచిన చెమ్మ చిక్కబడితే కఫం అవుతుంది. ‘ప్లీహం కఫం పుట్టే చోటు, ఊపిరితిత్తులు కఫం దాచుకునే పాత్ర’ అని వారిలో ఒక నానుడి. మన ఇళ్లలో ‘ఒంటికి నీరు పట్టింది’, ‘వేడి చేసింది’ అంటాం కదా, ఆ మాటల్లో ఎంత అనుభవం ఉందో ఇందులోనూ అంతే ఉంది. ఇవి అనుభవాన్ని పట్టుకునే మాటలు. ప్రయోగశాలలో ‘చెమ్మ’ను గ్రాముల్లో తూచలేం.

ఇక ప్రశ్నపత్రం సంగతి. మొత్తం 60 ప్రశ్నలు. గత ఏడాదిలో ఎలా ఉందో చూసుకుని ‘అసలు లేదు’ నుంచి ‘ఎప్పుడూ ఉంది’ వరకు 1 నుంచి 5 మార్కులు వేసుకోవాలి. తాన్‌షికి సంబంధించినవి ఎనిమిది: ఛాతీ, పొట్ట బిగుసుకున్నట్టు ఉంటోందా, ఒళ్లు బరువుగా ఉంటోందా, పొట్ట మెత్తగా లావుగా ఉందా, నుదురు జిడ్డుగా ఉంటోందా, పై కనురెప్పలు ఉబ్బినట్టు ఉంటున్నాయా, నోరు జిగటగా ఉంటోందా, గొంతులో కఫం అడ్డుపడుతోందా, నాలుక మీద పూత మందంగా ఉందా. వచ్చిన మార్కుల్లోంచి 8 తీసేసి, 32తో భాగించి, వందతో గుణిస్తారు. 40 లేదా అంతకు మించితే ‘తాన్‌షి తత్వం’ అంటారు. 30 నుంచి 39 అయితే ‘ఆ వైపు మొగ్గు’ మాత్రమే అంటారు.

కాగితం తీసుకుని లెక్క వేసి చూడండి. మొత్తం 20 మార్కులు వస్తే 37.5. అది మొగ్గు. 21 వస్తే 40.6. అది తత్వం. నుదురు జిడ్డు విషయంలో మీరు ‘అప్పుడప్పుడు’ అన్న చోట ‘తరచుగా’ అని గీస్తే చాలు, ఒక గడి నుంచి ఇంకో గడిలోకి వెళ్లిపోతారు. షెంజెన్‌లో ఉక్కపోతగా ఉండే జూలైలో నింపినా, పొడిగా ఉండే డిసెంబరులో నింపినా అదే జవాబు వస్తుందా? ఒకే మనిషికి రెండు మూడు తత్వాలు ఒకేసారి రావడం కూడా మామూలే. దీనివల్ల ప్రశ్నపత్రం పనికిరానిదని అనడం లేదు. జ్వరం కొలిచినట్టు దీన్ని చదవవద్దని అంటున్నాను. మంచి వైద్యుడు ఈ అంకెను మీతో మాట్లాడటానికి వాడుకుంటాడు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. తత్వానికీ పేగు బ్యాక్టీరియాకూ సంబంధం కనిపించిందని చెప్పే పరిశోధనలు చైనాలో నిజంగానే వచ్చాయి. పద్ధతి చాలావాటిలో ఒకటే. కొన్ని పదుల మందిని తీసుకుంటారు, ప్రశ్నపత్రంతో తత్వం నిర్ణయిస్తారు, మలం సేకరిస్తారు, 16ఎస్ అనే జన్యువును చదివి ఏ బ్యాక్టీరియా ఎంత శాతం ఉందో లెక్కిస్తారు, సమతుల్య తత్వం వారితో పోలుస్తారు. తేడా కనిపిస్తుంది. ఆ తేడాలను నేను అబద్ధమనడం లేదు. అయితే ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందన్న దగ్గరే చిక్కు ఉంది. ఇది నేను చాలాకాలం పట్టి అర్థం చేసుకున్న విషయం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

పేగు బ్యాక్టీరియా మనిషికీ మనిషికీ ఎందుకు మారుతుందో తేల్చడానికి బెల్జియంలో జరిగిన పెద్ద అధ్యయనం 2016లో వచ్చింది. వయసు, బరువు, ఆహారం, మందులు ఇలా వందల విషయాలను లెక్కలోకి తీసుకున్నారు. అన్నిటికన్నా బలంగా ముడిపడినది ఏమిటో తెలుసా? మలం గట్టిగా ఉందా, పల్చగా ఉందా అన్నది. ఇందులో ఆశ్చర్యం లేదు. మలం పేగులో ఎక్కువసేపు ఆగితే నీరు పీల్చుకుపోయి గట్టిపడుతుంది, నెమ్మదిగా పెరిగే బ్యాక్టీరియాకు సమయం దొరుకుతుంది. త్వరగా కదిలిపోతే త్వరగా పెరిగేవి మిగులుతాయి.

ఇప్పుడు ఆ 60 ప్రశ్నల వైపు మళ్లీ చూడండి. చలి ఎక్కువైన తత్వానికి ‘చల్లటివి తింటే విరేచనాలు అవుతాయా’ అన్న ప్రశ్న ఉంది. రసం ఎండిన తత్వానికి ‘మలబద్ధకం ఉంటుందా’ అని ఉంది. చెమ్మవేడి తత్వానికి ‘మలం జిగటగా, పూర్తిగా రానట్టు ఉంటుందా’ అని ఉంది. తాన్‌షి తత్వానికి పొట్ట లావు గురించి ఉంది. అంటే తత్వాన్ని నిర్ణయించే ప్రశ్నల్లోనే మలం, బరువు కూర్చుని ఉన్నాయి. బ్యాక్టీరియా కూడా మలంతో, బరువుతో మారుతుంది. ఈ రెండు వైపులనూ పోలిస్తే సంబంధం కనిపించకపోతేనే వింత. కాబట్టి ‘తాన్‌షి వారి బ్యాక్టీరియా వేరు’ అన్న ఫలితంలో, లావు పొట్ట ఉన్నవారి బ్యాక్టీరియా వేరు అన్న పాత సంగతికి మించి ఎంత కొత్త విషయం ఉంది? అది తెలియాలంటే ఒకే వయసు, ఒకే బరువు, ఒకే రకం మలం, ఒకే ఊరి తిండి ఉన్నవారిలో తాన్‌షి ఉన్నవారిని, లేనివారిని విడదీసి చూడాలి. నేను పరిశోధకులతో మాట్లాడినప్పుడల్లా ఈ ఒక్క మాటే పదేపదే అడుగుతాను.

ఊరి ప్రస్తావన ఊరికే తేలేదు. మీరు ఉంటున్న గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోనే 14 జిల్లాల నుంచి 7,009 మంది నమూనాలు తీసి చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. ఒకే రాష్ట్రంలోనే మనిషి ఏ జిల్లాలో ఉంటున్నాడన్నది అతని బ్యాక్టీరియాతో అన్నిటికన్నా బలంగా ముడిపడింది. ఒక జిల్లా సమాచారంతో తయారుచేసిన వ్యాధి గుర్తింపు కొలబద్దలు ఇంకో జిల్లాలో సరిగా పనిచేయలేదు. గ్వాంగ్‌డాంగ్‌లోనే జిల్లా మారితే పనికిరాని కొలబద్ద, విజయవాడలో పెరిగి, ఇడ్లీ, పప్పన్నం, పెరుగుతో ఇరవై ఎనిమిదేళ్లు బతికి, తర్వాత షెంజెన్ చేరిన మీకు ఎలా సరిపోతుంది? థాయిలాండ్ నుంచి అమెరికాలోని మిన్నెసోటాకు వలస వెళ్లిన హ్‌మోంగ్, కరెన్ ప్రజల మీద కూడా 2018లోనే ఒక అధ్యయనం వచ్చింది. పీచు ఎక్కువ తినేవారిలో కనిపించే ప్రీవోటెల్లా అనే బ్యాక్టీరియా అక్కడికి వెళ్లాక తగ్గి, బ్యాక్టీరాయిడిస్ అనే ఇంకో రకం పెరిగింది. ఊరు మారడమే పేగులను మార్చింది. మీ నివేదికలో ‘తాన్‌షి గుర్తు’ అని ఎర్ర రంగు వేసినది అచ్చంగా వలస గుర్తే కావచ్చు. వేరు చేసి చెప్పే దారి ఆ సంస్థ దగ్గర లేదు.

ఇంకో అనుభవం చెబుతాను. కొన్నేళ్ల క్రితం నా నమూనానే ఒకే రోజు రెండు డబ్బాల్లో సర్ది రెండు సంస్థలకు పంపాను. రెండు నివేదికలూ ఒకే మనిషివని చెప్పడం కష్టం. ఒకదానిలో నాకు ‘లోపం’గా చూపిన బ్యాక్టీరియా రెండోదానిలో నిండుగా ఉంది. దీనికి కారణం మోసమే కానక్కర్లేదు. కొన్ని రకాల బ్యాక్టీరియాకు గోడ చాలా మందంగా ఉంటుంది. సన్నటి పూసలతో బలంగా కుదిపి పగలగొడితే తప్ప వాటి డీఎన్‌ఏ బయటకు రాదు. ఒక ప్రయోగశాల గట్టిగా కుదుపుతుంది, ఇంకొకటి మందుతో కరిగించి సరిపెడుతుంది. పద్ధతి మారితే శాతాలు మారతాయి. అలాంటి శాతాల మీద ఆరు నెలల కోర్సు కట్టడం న్యాయం కాదు.

ఈ తప్పు చైనా వైద్యానికి మాత్రమే పరిమితమైనదని అనుకోవద్దు. 2011లో ఐరోపా శాస్త్రవేత్తలు మనుషుల పేగులు మూడు ‘ఎంటెరోటైపులు’గా విడిపోతాయని ప్రకటించారు. రక్తం గ్రూపుల్లా ఉంటాయేమోనని లోకమంతా ఉత్సాహపడింది. ఎక్కువ మందిని చూసిన కొద్దీ ఆ గీతలు చెదిరిపోయాయి. మూడు గదులు అనుకున్నవి, ఒక వైపు నుంచి ఇంకో వైపుకు మెల్లగా మారే వాలులా కనిపించాయి. మనుషులను గదుల్లో పెట్టాలన్న కోరిక ప్రాచీనులకూ ఆధునికులకూ ఒకటే.

మరి ఈ రెండు లోకాలూ కలిసే చోటే లేదా? ఉంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే. బ్యాక్టీరియాను చూసి తత్వాన్ని చెప్పడం దగ్గర కాకుండా, మూలిక కడుపులోకి వెళ్లాక దానికేమవుతుందన్న దగ్గర అవి నిజంగా కలుస్తాయి.

మనకు బాగా తెలిసిన నేలతంగేడునే తీసుకోండి. ఆకులోని సెన్నోసైడ్లకు నేరుగా విరేచనం చేయించే బలం లేదు. అవి అరగకుండా పెద్దపేగుకు చేరతాయి, అక్కడి బ్యాక్టీరియా వాటిని తెంచి అసలు పనిచేసే పదార్థంగా మారుస్తుంది. బ్యాక్టీరియా లేకుండా పెంచిన ఎలుకలకు ఇస్తే విరేచనం కాలేదు. ఆ పని చేయగల ఒక బ్యాక్టీరియాను వాటి పేగుల్లో ప్రవేశపెట్టాక అయింది. చైనా వైద్యులు వాడే రేవలచిన్ని వేరులోనూ ఇవే సెన్నోసైడ్లు ఉన్నాయి. జిన్‌సెంగ్‌లోని ఒక ముఖ్యమైన పదార్థాన్ని కూడా పేగు బ్యాక్టీరియానే చక్కెర ముక్కలు ఒక్కొక్కటిగా కొరికి, ఒంట్లోకి ఇంకే రూపంలోకి మారుస్తుంది. ఒకే కషాయం ఒకరికి పనిచేసి ఇంకొకరికి పనిచేయకపోవడానికి ఇదొక గట్టి కారణం. ‘మనిషిని చూసి మందు ఇవ్వాలి’ అన్న పాత వైద్యుల పట్టుదలకు నాకు తెలిసిన అత్యంత బలమైన ఆధునిక ఆధారం ఇదే.

బెర్బెరిన్ కథ ఇంకా బాగుంటుంది. మన దారుహరిద్రలో, చైనా వారి హువాంగ్‌లియెన్ వేరులో పసుపు రంగునిచ్చే చేదు పదార్థం అది. రెండు దేశాల్లోనూ విరేచనాలకు వాడారు. నోటి ద్వారా తీసుకున్నదానిలో రక్తంలోకి చేరేది చాలా తక్కువ, నూటికి ఒక వంతు కూడా ఉండదు. అయినా చక్కెర తగ్గుతుంది. ఎలా అన్నది చాలాకాలం పొడుపుకథగానే ఉంది. షాంఘైలోని రుయ్‌జిన్ ఆసుపత్రి నాయకత్వంలో, కొత్తగా మధుమేహం బయటపడిన 409 మంది మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. బెర్బెరిన్ ఒక పేగు బ్యాక్టీరియా పనిని అణచి, పిత్తరసం మారే తీరును మార్చడం ద్వారా పనిచేస్తోందని అందులో సూచన దొరికింది. మీకు పనికొచ్చే విషయం ఇంకోటి ఉంది. ఆ పరీక్షలో ఒక గుంపుకు ప్రోబయోటిక్ మాత్రమే ఇచ్చారు. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ ఆ గుంపులో 0.53 తగ్గింది. మందు లేని ఉత్తి మాత్ర తీసుకున్నవారిలో 0.59 తగ్గింది. అంటే ప్రోబయోటిక్ వల్ల అదనంగా ఏమీ ఒరగలేదు. మీకు అమ్ముతున్న కోర్సు గురించి ఆలోచించేటప్పుడు ఈ రెండు అంకెలు గుర్తుంచుకోండి. ఇది చదివి బెర్బెరిన్ మాత్రలు మీ అంతట మీరు కొనుక్కోవద్దు. కొన్ని మందులు కాలేయంలో కరిగే వేగాన్ని అది మారుస్తుంది, మీరు ఇప్పటికే బీపీ మాత్ర వాడుతున్నారు.

తాన్‌షికి దగ్గరగా ఉన్న ఉదాహరణ షాంఘై జియావోతోంగ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జావో లీపింగ్‌ది. తన బరువు మీదే ప్రయోగం చేసి, ముడి ధాన్యాలతో పాటు చైనా పెండలం, కాకరకాయ తింటూ రెండేళ్లలో 20 కిలోలు తగ్గారు. తర్వాత ఆయన బృందం 174.8 కిలోల బరువున్న ఒక యువకుడికి ఇలాంటి ఆహారమే ఇచ్చింది. అతని పేగు బ్యాక్టీరియాలో 35 శాతం ఎంటెరోబాక్టర్ అనే ఒకే జాతి ఉండేది. 23 వారాల్లో అతను 51.4 కిలోలు తగ్గాడు, ఆ బ్యాక్టీరియా దాదాపు కనుమరుగైంది. అతని పేగు నుంచి తీసిన ఆ బ్యాక్టీరియాను సూక్ష్మజీవులు లేని ఎలుకలకు ఇచ్చి, కొవ్వు తిండి పెడితే అవి లావెక్కాయి. ఒక్క మనిషి కథ ఇది. తిండి కూడా బాగా తగ్గింది కాబట్టి బరువు తగ్గిన ఘనత అంతా బ్యాక్టీరియాకు ఇవ్వలేం. అయితే అతను తాగిన జావలో ఏమున్నాయో చూడండి: ఓట్లు, ఎర్ర బొబ్బర్ల లాంటి చిక్కుళ్లు, సోయా, పెండలం, తామర గింజలు, ఎండు రేగుపళ్లు, వాటితో పాటు ‘యీయీరెన్’ అనే ధాన్యపు గింజలు. చైనాలో ఏ వీధి చివరి అమ్మమ్మను అడిగినా ‘ఒంట్లో చెమ్మ పోవడానికి యీయీరెన్, ఎర్ర చిక్కుళ్లు ఉడికించి తాగు’ అని చెబుతుంది. మీ పొడిలో ఉండి ఉండగల ‘ఫూలింగ్’ అనేది పైన్ చెట్ల వేళ్ల మీద పెరిగే శిలీంధ్రం. అందులో ఎక్కువ భాగం మనం అరిగించుకోలేని పీచు లాంటి పదార్థమే. అది పెద్దపేగుకు చేరి, బ్యాక్టీరియాకు తిండి అవుతుంది. ఆ బ్యాక్టీరియా తయారుచేసే బ్యూటిరేట్ అనే పదార్థం పేగు గోడ కణాలకు తిండి అవుతుంది. పేరు చెమ్మ అన్నా, పీచు అన్నా, అమ్మమ్మ జావ ఇచ్చే సలహా ఒకటే.

నాన్నగారి మాటకు వస్తాను. జిడ్డు, బరువు, మగత, కఫం, మెత్తటి ఒళ్లు, ఇవన్నీ కఫ ప్రకృతి లక్షణాల్లోనూ కనిపిస్తాయి, ఆయన అంచనాకు కారణం ఉంది. అయితే ఆయుర్వేదంలో ప్రకృతి గర్భంలోనే ఏర్పడుతుంది, జీవితాంతం అదే ఉంటుంది. మారేది దోషాల హెచ్చుతగ్గులే. వాంగ్ చీ చెప్పిన దేహతత్వంలో పుట్టుకతో వచ్చినదీ ఉంది, బతుకు తెచ్చినదీ ఉంది, దాన్ని సరిచేయవచ్చన్నది ఆ సిద్ధాంతానికి మూలస్తంభం. మీరు షెంజెన్ వెళ్లకముందు ఇలా లేరు. కాబట్టి మీకు వచ్చినది పుట్టుకతో వచ్చిన ముద్ర కాదని నాన్నగారికి చెప్పండి, ఆయన మనసు కూడా తేలికపడుతుంది. ప్రకృతికీ పేగు బ్యాక్టీరియాకూ ముడి వెతికే పని మన దేశంలోనూ జరిగింది. పశ్చిమ భారత పల్లెల్లో చేసిన అధ్యయనం ఒకటి 2018లో వచ్చింది. మూడు ప్రకృతుల వారిలోనూ ప్రధాన బ్యాక్టీరియా సమూహాలు ఉమ్మడివే, తేడాలు వాటి పాళ్లలోనూ కొన్ని జాతుల్లోనూ కనిపించాయి. ఆ తేడాలను చూసి ఒక మనిషి ప్రకృతిని చెప్పగలిగే దశ అక్కడా రాలేదు.

ఇప్పుడు మీరు చేయవలసినవి. కోర్సుకు పెట్టే డబ్బుతో ముందు హెచ్‌బీఏ1సీ, కొవ్వులు, కాలేయం పరీక్షలు చేయించుకోండి. నడుము చుట్టుకొలత కొలుచుకోండి. మన దేశపు మగవారికి గానీ చైనా మగవారికి గానీ 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. తాన్‌షి అన్న పేరు కింద చాలాసార్లు దాగి ఉండేది చక్కెర, కొవ్వు, బీపీ కలిసి పెరిగే స్థితే. మీ భార్యను అడిగి మీరు గురక పెడుతున్నారో, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడుతున్నారో తెలుసుకోండి. పగటి మగతకు, మాట వినని బీపీకి అది పెద్ద కారణం. ఉంటే నిద్ర పరీక్ష చేయించుకోవాలి. దాన్ని ఏ పొడీ నయం చేయదు.

తిండిలో రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు చేరేలా చూసుకోండి. మీరు చెప్పిన భోజనం, అంటే తెల్లన్నం లేదా నూడుల్స్, రాత్రి పదిన్నరకు పాల టీ, అందులో సగం కూడా ఇవ్వదు. పెసలు, చిక్కుళ్లు, ఓట్లు, పెండలం మీ వీధి బజారులోనే దొరుకుతాయి. ఇంటి నుంచి జొన్నపిండి, కందిపప్పు తెప్పించుకుంటే మరీ మంచిది. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది, వారం వారం కొంచెం కొంచెంగా పెంచండి. మూడు నెలల తర్వాత నడుము మళ్లీ కొలవండి. ఏడాది తర్వాత ఆ 60 ప్రశ్నలు మళ్లీ నింపండి. మలం పరీక్ష మళ్లీ చేయించనక్కర్లేదు.

మీకు ఇచ్చిన పొడి గురించి ఒక హెచ్చరిక ఉంది. కఫచెమ్మకు చైనా వైద్యులు ఎక్కువగా వాడే ‘ఎర్‌చెన్‌థాంగ్’ అనే సూత్రంలో పినెల్లియా దుంప, ఎండబెట్టిన కమలా తొక్క, ఫూలింగ్‌తో పాటు నాలుగోది అతిమధురం. చైనా మాటలో దాని పేరు ‘గాన్‌త్సావో’. అతిమధురంలోని తీపి పదార్థాన్ని కూడా మీ పేగు బ్యాక్టీరియానే తెంచి వేరే రూపంలోకి మారుస్తుంది. ఆ రూపం మూత్రపిండాల దగ్గర ఒక ఎంజైమును ఆపి, ఒంట్లో ఉప్పు నిలిచేలా, పొటాషియం పోయేలా చేస్తుంది. రోజూ వారాల తరబడి తీసుకుంటే బీపీ పెరుగుతుంది. మోతాదు చిన్నదైతే చాలామందికి ఏమీ కాదు. కానీ మీరు బీపీ మనిషి, మీ మాత్ర మూత్రం ఎక్కువ చేసే రకమైతే పొటాషియం ఇంకా పడిపోవచ్చు. అందుకని రేపే పొడి సంచి మీద ఉన్న పేర్లన్నీ, మీ మాత్ర పేరు ఒకే కాగితం మీద రాసుకుని ఆ వైద్యురాలికీ, బీపీ మాత్ర రాసిన వైద్యుడికీ చూపించండి. వాళ్లు చెప్పేవరకు ఉదయం, సాయంత్రం బీపీ చూసుకుని రాసి పెట్టుకోండి.